అన్నం పేరు

తామరగింజల్లోంచి చేదు మొలక తీసే పని కోడలికి వదలడం తోవాకు ఇష్టం ఉండదు. లువా చెయ్యి మంచిదే. కూర మాడనివ్వదు, బియ్యంలో రాయి మిగలనివ్వదు. కానీ తామరగింజ దగ్గరికి వచ్చేసరికి తొందర. మొలక లాగబోయి గింజనే రెండు బద్దలు చేసేస్తుంది. బద్దలైన గింజలు పళ్ళెంలో పెట్టినా పోయిన భర్త ఏమీ అనడు. బతికున్నన్నాళ్ళూ దేనికీ ఏమీ అనలేదు. అందుకే తానే మరింత జాగ్రత్తగా ఉండాలని ఆవిడ లెక్క.

ఆ పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. హ్వే ఊళ్ళో ఆ నెలలో వాన తెరిపిచ్చిందంటే ఊరు ఊరంతా బట్టలారేసుకోవడానికి బయటికొస్తుంది. లువా కూడా తడిబట్టలు తీగ మీద వేసి, బజారుకి బయల్దేరుతూ వసారాలో ఆగింది.

"అత్తయ్యా, చేప ఎంతది తెమ్మంటారు?"

"పొట్టవైపు ముక్క అరచెయ్యంత రావాలి. మిరియాలు ఎక్కువ వెయ్యాలి. చేపకి పట్టించే చక్కెరపాకం నల్లబడకూడదు."

"నిద్రలో లేపి అడిగినా చెప్తానత్తయ్యా. ఎండాకాలం నుంచీ ఇదే పాఠం కదా."

"పాఠం వచ్చినవాళ్ళు గింజలు పగలగొట్టరు."

లువా నవ్వుకుంటూ బండి తీసింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలు ఇలాగే ఉంటాయి. పైకి కారం, లోపల ఏమీ ఉండదు.

తోవా భర్త వోంగ్ పోయి ఏడాది కావస్తోంది. హ్వే నుంచి దోంగ్ హాకి బస్సు నడిపిన మనిషి, తిండి అంటే ప్రాణం. చివరికి గొంతులో పుండు లేచింది. ముందు అన్నం దిగడం మానేసింది, తర్వాత జావ, ఆ తర్వాత మంచినీళ్ళు కూడా. ఆస్పత్రిలో ముక్కులోంచి గొట్టం వేసి తెల్లటి నీళ్ళేవో పోసేవారు. పక్కమంచం వాళ్ళు భోజనానికి కూచుంటే ఆయన కళ్ళు మూసుకునేవాడు, తను చూస్తే వాళ్ళు మొహమాటపడతారని. ఆయన ఆకలితో పోయాడు. ఈ మాట తోవా ఎవరితోనూ పైకి అనలేదు గానీ, ఈ ఏడాదిలో తను తిన్న ప్రతి ముద్దకీ ఆ మాట అడ్డొచ్చింది. సంవత్సరీకం నాడు ఆయన వస్తాడు, గొంతు బాగుపడి వస్తాడు, తన చేతివంట కడుపునిండా తిని వెళతాడు. ఆ ఒక్క ఆశతోనే ఆవిడ ఇన్నాళ్ళూ వెళ్ళదీసింది.

గేటు దగ్గర బండి ఆగింది. వచ్చింది ఆడపడుచు మియెన్. హెల్మెట్ కూడా తియ్యకుండా, చేతిలో ఫోన్ చాపి పట్టుకుని నేరుగా వసారాలోకి వచ్చేసింది.

"వదినా, ముందు నువ్వు కూచో."

"కూచునే ఉన్నాను గదా."

"అయితే లేవకు. దానాంగ్‌లో ఉండే మా మనవడు పంపాడిది. చూసిన దగ్గర్నుంచీ నాకు కాళ్ళూ చేతులూ ఆడ్డం లేదు."

తెర మీద ఒక బొమ్మ. పండిన చేనులా పసుపుపచ్చటి గడ్డి, పైన ఊదారంగు ఆకాశం, ఆ ఆకాశం మీద పెద్ద అక్షరాలతో ఒక పేరు. తోవా కళ్ళజోడు సరిచేసుకుని చదివింది. చేతిలోని గింజ జారి గిన్నెలో పడింది.

ఆ పేరేమిటో నేనిక్కడ చెప్పను. ఆ ఇంటివాళ్ళం కాని మనకు దానితో పని లేదు. అది అన్నం పేరు. బతికుండగా నలుగురూ పిలిచే పేరు వేరు, పోయాక పళ్ళెం పెట్టి పిలిచే పేరు వేరు. మనిషి పోయేముందు ఇంటివాళ్ళే ఆ పేరు పెట్టి చెవిలో చెబుతారు. పోయిన మనిషికీ, ఇంటివాళ్ళకీ, గుమ్మం కాసే దేవుడికీ తప్ప ఇంకొకరి చెవిన పడకూడదు. ఆ పేరుతో పిలిస్తే ఆ మనిషే వస్తాడు, గుమ్మం దేవుడు ఆయన్నే లోపలికి వదులుతాడు. పేరు బయటికి పొక్కిందా, దిక్కూ మొక్కూ లేక తిరిగే ఆకలి ఆత్మలన్నీ అదే పేరు చెప్పుకుని లోపలికి దూరిపోతాయి. వోంగ్‌కి ఆ పేరు పెట్టింది తోవాయే. ఆస్పత్రి మంచం దగ్గర ఆయన చెవిలో నోరు పెట్టి చెప్పింది. అప్పటికే మాట పడిపోయిన మనిషి, ఆవిడ వేలు నొక్కి విన్నానన్నాడు.

"ఏమిటిది మియెన్?" అంది తోవా.

"ఏదో ఆటట వదినా. అందులో నౌకలేసుకుని చుక్కల మధ్య తిరుగుతారట. కొత్త గ్రహాన్ని ఎవరు ముందు చూస్తే వాళ్ళు దానికి పేరు పెట్టుకోవచ్చు. చూసిన వింతలన్నీ ఫొటోలు తీసి ఒక గ్రూపులో పెట్టుకుంటారు, మిగతావాళ్ళు చూడ్డానికి పోతారు. ఇప్పుడు అందరూ దీని మీదే పడ్డారు. కింద రాతలు చదవనా?"

"చదువు."

మియెన్ చదివింది. పేరున్న చోటల్లా మీరు ఫలానా అనుకోండి. "ఫలానా మీద దిగాను, కాళ్ళకింద అంతా బురద, అయినా భలే ఉంది. ఫలానాలో పురుగులు నా నౌకంత ఉన్నాయి. నిన్న ఫలానాని తవ్వితే రాగి దొరికింది. ఫలానాకి దారి చెప్పండి, మేం గుంపుగా వస్తున్నాం."

"ఇక చాల్లే."

"పెట్టిందెవరో చూశావా?" మియెన్ గొంతు తగ్గించింది. "మన ఉయెన్. బొమ్మ కింద దాని పేరే ఉంది."

తోవా గింజల గిన్నె మీద మూత పెట్టింది. లోపలికెళ్ళి, అప్పుడే ఉడుకు పట్టిన కుండ కింద మంట ఆర్పేసింది. మియెన్ అక్కడే నిలబడి, ఇప్పుడు హెల్మెట్ తియ్యాలో వద్దో తెలియక, కాసేపటికి తీసి పక్కన పెట్టుకుంది.

ఉయెన్ ఆ ఇంటి ఒక్కగానొక్క మనవరాలు. ఇరవైమూడేళ్ళ పిల్ల. ఊరు చూడవచ్చినవాళ్ళకి పాతకాలం బట్టలు అద్దెకిచ్చి కోట దగ్గర ఫొటోలు తీసే స్టూడియో ఒకటుంది, అందులో ఆ ఫొటోలు దిద్దే పని. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం ఆ పిల్లకి చుక్కల్లోనే కాపురం. ఆ ఆటలో కొందరు యుద్ధాలు చేస్తారు, కొందరు సరుకులు అమ్ముకుంటారు. ఉయెన్‌కి ఆ గోల పట్టదు. ఎవరూ పోని మూలలకి పోవడం, అక్కడేముందో చూడ్డం, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం, అంతే. గాజు చెట్లున్న గ్రహం తనే చూసింది. ఎప్పుడూ సాయంత్రంగానే ఉండే గ్రహం కూడా తనదే. అందుకని గ్రూపులో ఆ పిల్లంటే గౌరవం. కొత్త బొమ్మ పెట్టిందంటే దేశం నలుమూలల నుంచీ నౌకలు బయల్దేరతాయి.

మధ్యాహ్నం ఉయెన్ నానమ్మకి ఇష్టమని ఆల్చిప్పల అన్నం పొట్లం కట్టించుకుని వచ్చింది. పొయ్యి చల్లగా ఉంది. అమ్మ గోడకానుకుని నిలబడింది. కరెంటాఫీసులో ఉండాల్సిన నాన్న ఇంట్లో ఉన్నాడు. మియెన్ బామ్మ కుర్చీలో ఉంది. ఎవరూ ఎవరివైపూ చూడ్డం లేదు.

"ఏమైంది? నానమ్మా, జ్వరమా?"

"ఆ పేరు నీకెవరు చెప్పారు?" అంది తోవా.

"ఏ పేరు?" అని, మియెన్ ఒళ్ళో ఫోన్ చూడగానే పిల్ల మొహం వెలిగిపోయింది. "చూసేశారా అప్పుడే? సంవత్సరీకం రోజు నేనే చూపిద్దామనుకున్నాను. తాతయ్య గ్రహం నానమ్మా అది. ఎంతమంది వచ్చి చూసి వెళ్తున్నారో తెలుసా? ఈ ఏడాదిలో అంత మంచిది ఎవరికీ దొరకలేదు."

"ఎవరు చెప్పారని అడిగాను."

ఆ గొంతు విని ఉయెన్ పొట్లం బల్ల మీద పెట్టింది. "ఎవరూ చెప్పలేదు. తాతయ్య పోయిన నూరో రోజున నాన్న పళ్ళెం ముందు గొణుగుతుంటే విన్నాను. నువ్వు తాతయ్యని ముద్దుగా పిలుచుకునే పేరేమో అనుకున్నాను. బాగుందనిపించింది."

తోవా కొడుకు వైపు తిరిగింది. త్వాయ్ నలభై తొమ్మిదేళ్ళ మనిషి, తల్లి అలా చూస్తే ఇప్పటికీ బడి ఎగ్గొట్టినవాడిలా అయిపోతాడు.

"నేను గొణిగానమ్మా, అంతే. పైకి అనలేదు."

"చెవులున్నవాళ్ళకి గొణిగినా వినపడుతుంది. దానికి సంగతి చెప్పాలని తోచలేదా నీకు?"

"నువ్వు చెప్పే ఉంటావనుకున్నాను."

"నువ్వు చెప్పుంటావని నేననుకున్నాను."

"బాగుంది," అంది మియెన్. "మీరిద్దరూ అనుకుంటూ కూచున్నారు, పిల్ల లోకమంతా చాటింపు వేసింది."

చివరికి చెప్పింది లువా. కూతురి చెయ్యి పట్టుకుని, ఆ పేరు ఎందుకు పెడతారో, ఎవరికి తెలియాలో, తెలియనివాళ్ళకి తెలిస్తే ఏమవుతుందో మెల్లగా చెప్పింది. వింటున్నకొద్దీ ఉయెన్ మొహంలో రంగు పోయింది.

"మార్చెయ్యి," అన్నాడు త్వాయ్. "ఇంకేదో పేరు పెట్టు."

"మారదు నాన్నా. ఒకసారి ఆ ఆట పటంలోకి ఎక్కితే ఎవరూ మార్చలేరు. పెట్టినవాళ్ళు కూడా మార్చలేరు." ఆ పిల్ల నానమ్మ ముందు నేలమీద కూలబడింది. "నానమ్మా, ఆట చేసినవాళ్ళకి రాస్తాను. బతిమాలతాను. నువ్వు మాత్రం వంట ఆపకు."

"ఎవరికి వండను?"

"తాతయ్యకి."

"మీ తాతయ్యని ఎలా పిలవను? ఆ పేరు పెట్టి పిలిస్తే ఇప్పుడెంతమంది వస్తారో నీకు తెలుసా, నాకు తెలుసా?" తోవా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వినేవాళ్ళకి కాస్త తేలికగా ఉండేది. "ఆయన సంగతి మీకందరికీ తెలిసిందే. పెళ్ళికెళ్తే ఆఖరి బల్ల. వరదబియ్యం పంచిన ఏడు వరసలో నిలబెట్టి పంపాను. వెనకనుంచి ఎవరొచ్చినా మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి అని పక్కకి జరిగాడట. ఖాళీసంచీ మడత పెట్టుకుని ఇంటికొచ్చాడు. అలాంటి మనిషి, అంత గుంపు ఎగబడితే ముందుకొస్తాడా? ఆఖర్న నిలబడతాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోతాడు. పోయేటప్పుడు ఆకలితోనే పోయాడు ఉయెన్. మళ్ళీ ఇంటికి పిలిచి ఆకలితోనే పంపమంటావా?"

ఏడాదిపాటు దాచుకున్న మాట అలా బయటికొచ్చేసింది. త్వాయ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఉయెన్ నానమ్మ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. తోవా ఆ తల మీద చెయ్యి వెయ్యలేదు.

"తెలియక చేశాను నానమ్మా."

"తెలిసి ఎవరు చేస్తారు," అని ఆవిడ లేచింది. "సంవత్సరీకం లేదు. ఎవర్నీ పిలవకండి." గదిలోకెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఆ సాయంత్రం ఉయెన్ గ్రూపులో రాసింది. ఈ పేరు పెట్టడం నా పొరపాటు, ఇది మా తాతయ్య అన్నం పేరు, నాకు ఇవాళే తెలిసింది. దయచేసి ఎవరూ ఆ గ్రహానికి వెళ్ళకండి, ఆ పేరు రాయకండి, మీరు తీసిన ఫొటోలు తీసెయ్యండి. ఇంతే రాసి, తిడతారేమోనని ఫోన్ బోర్లా పెట్టి కూచుంది.

ఎవరూ తిట్టలేదు. అక్కడ ఎవరికి మాత్రం తాతలూ మామ్మలూ లేరు? మా ఇంట్లోనూ అలాంటి పేరుందక్కా, క్షమించు, తీసేస్తున్నాను అని ఒకడు రాశాడు. పురుగుల గురించి నవ్వులాటగా రాసినవాడు, పెద్దాయనకి నా తరఫున దణ్ణం పెట్టమని రాశాడు. కాసేపట్లో ఫొటోలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఆట చేసినవాళ్ళ దగ్గర్నుంచీ జవాబు వచ్చింది. మీ బాధ అర్థమైంది గానీ పటంలోకి ఎక్కిన పేరు తుడవడం మా చేతుల్లో లేదని మర్యాదగానే చెప్పారు.

మర్నాడు, చేప ముందే కొనేశానని లువా భయపడుతూ చెబితే, తోవా పిల్లికి వెయ్యమంది. లువా పిల్లికి వెయ్యలేదు, ఉప్పు రాసి ఐసులో పెట్టింది. మధ్యాహ్నం స్టూడియోకి సెలవు పెట్టి వచ్చి ఉయెన్ నానమ్మ గది తలుపు తట్టింది.

"ఒక్కసారి వచ్చి చూడు నానమ్మా. అందర్నీ పొమ్మన్నాను. ఇప్పుడక్కడ ఎవరూ లేరు. నువ్వు చూస్తే నమ్ముతావు."

తోవా రానందామనుకుంది. కానీ పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి, రాత్రి అన్నం కూడా తినలేదని లువా చెప్పింది. వెళ్ళి కంప్యూటర్ ముందు కుర్చీ అంచున కూచుంది.

ఆవిడ ఆ గ్రహాన్ని సరిగ్గా చూడ్డం అదే మొదలు. కంటికందినంత దూరం కోతకొచ్చిన వరిలా బంగారురంగు గడ్డి, గాలికి వంగి లేస్తోంది. మధ్య మధ్య నీటిమడుగులు. ఆ మడుగుల్లోంచి వానచినుకులు పైకి లేస్తున్నాయి. నేలమీంచి ఆకాశంలోకి, మెల్లగా, తొందరేమీ లేనట్టు.

"వాన తలకిందులుగా ఉందేమిటి?"

"అదే ఇక్కడి వింత. ఇలాంటిది ఇంకోటి ఎవరికీ దొరకలేదు." అంది ఉయెన్. "ఆస్పత్రిలో పగలంతా నేను తాతయ్య పక్కన కూచుని ఇదే ఆడేదాన్ని గదా. ఆయన చూస్తుండేవాడు. ఏ గ్రహం మీద దిగినా ఒకటే ప్రశ్న. మాట ఉన్నప్పుడు అడిగేవాడు, మాట పోయాక ఇలా చేత్తో సైగ చేసేవాడు." వేళ్ళు ముడిచి నోటి దగ్గర పెట్టుకుని చూపించింది. "ఇక్కడివాళ్ళు ఏం తింటారు అని. నేనేదో ఒకటి చెప్పేదాన్ని. ఇక్కడ పుట్టగొడుగులు తాతయ్యా, కారం పెట్టి వేయిస్తారు అనేదాన్ని. ఇక్కడ ఏమీ పండదు, పక్క గ్రహం నుంచి కేకలేసి తెప్పించుకుంటారు అనేదాన్ని. నవ్వేవాడు. ఆయన పోయాక ఇది దొరికింది. దిగగానే అనుకున్నాను, ఇప్పుడు అడిగితే నిజం చెప్పొచ్చు, తాతయ్యా ఇక్కడ అన్నం తింటారు అని. అందుకే ఆయన పేరు పెట్టాను."

తోవా తెరమీంచి చూపు తిప్పలేదు. భర్త ఆ సైగ తనకెప్పుడూ చెయ్యలేదు. చేస్తే తను ఏడుస్తుందని తెలుసు ఆయనకి. ఆకలి గురించి మాట్లాడుకోవడానికి మనవరాలిని వెతుక్కున్నాడు. అదృష్టవంతుడు, కనీసం ఒకరు దొరికారు అనుకుంది.

అంతలో తెర మీద, ఆకాశం అంచున ఒక చిన్న నౌక కనిపించింది. కిందికి దిగుతూ దిగుతూ ఆగింది. కాసేపు అక్కడే వేలాడింది.

"ఎవరది?"

"ఎవరో తెలీదు. నేను రాసింది చూసుకోకుండా బయల్దేరినట్టున్నారు. ఇదిగో, ఇప్పుడు చూసుకున్నారు."

నౌక మెల్లగా వెనక్కి తిరిగి, చిన్నదైపోయి, కనపడకుండా పోయింది.

"ఎంత దూరం నుంచి వచ్చాడు?"

"ఎంత లేదన్నా వారం ప్రయాణం నానమ్మా. ఇది ఆ మూలెక్కడో ఉంది."

"వారం ప్రయాణం చేసి గుమ్మంలోకి వచ్చి, దిగకుండా పోతున్నాడా? ఎవరు పొమ్మన్నారు?"

"నేనే గదా. నీకోసమే గదా."

తోవాకి త్వాయ్ కడుపులో ఉన్నప్పటి వరద గుర్తొచ్చింది. దోంగ్ హా రోడ్డు తెగిపోయి, బస్సు ఊరి చివర ఆగిపోతే, వోంగ్ బస్సులోని జనాన్నందర్నీ వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. తడిసి ముద్దయిన ముసలివాళ్ళు, పిల్లల తల్లులు, ఒకడి చంకలో కోడిపెట్ట కూడా. ఇంట్లో ఉన్నది ఒక్క డబ్బా బియ్యం. వంటింట్లో తను పళ్ళు కొరుకుతూ, సత్రమనుకున్నావా అని గొణిగితే, ఆయన నవ్వి, నీళ్ళు ఎక్కువ పొయ్యవే, జావ చేద్దాం, అందరికీ వస్తుంది అన్నాడు. అందరికీ వచ్చింది. ఆయన మాత్రం ఆఖర్న, కుండ వంచి గోకి తాగాడు.

జావ అనుకోగానే ఆవిడ మనసు ఇంకోచోట ఆగింది. ఏటా ఏడో నెలలో దిక్కులేని ఆత్మలకి వాకిట్లో పల్చటి జావే పెడతారు. వాటి గొంతులు సూదిబెజ్జమంత సన్నమట, అన్నం దిగదట. చిన్నప్పుడు అమ్మ చెబితే విన్నది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఏటా ఆ జావ కాస్తూనే ఉంది, ఒక్కనాడూ దాని గురించి ఆలోచించలేదు. గొంతు దిగని ఆకలి ఎలా ఉంటుందో ఆ మంచం పక్కన కూచున్నప్పుడు గానీ తెలియలేదు. తెలిశాక కూడా, ఆ ఆకలితో తిరిగేవాళ్ళని చూసే తను తలుపేసుకుంది. కళ్ళజోడు తీసి కొంగులేని చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంది. తుడుస్తున్నకొద్దీ నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

"నానమ్మా, ఏడవకు. నేనింకేం చెయ్యను చెప్పు."

"వాళ్ళకి మళ్ళీ రాయి."

"ఏమని?"

"మా తాతయ్య సంవత్సరీకం, రమ్మని. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇంటికి రమ్మను. రాలేనివాళ్ళు అక్కడికే రమ్మను. ఆయన పేరు పెట్టిన చోటికొచ్చి దిగకుండా తిరిగిపోయారని తెలిస్తే ఆ మనిషి నా వంట ముట్టుకుంటాడా?"

"మరి ఆ పేరు? ఆకలి ఆత్మలన్నీ వస్తాయన్నావు గదా."

"రానీ. వాళ్ళవి మాత్రం గొంతులు కావా?" తోవా ఇప్పుడు మనవరాలి తలమీద చెయ్యి వేసింది. "ఆయన్ని ముందుకు రమ్మంటే ఎలాగూ రాడు. వరసలో ఆఖరి మనిషి దాకా వచ్చేలా వండితే సరి. అప్పుడాయనకీ వస్తుంది."

ఉయెన్ నానమ్మ చెయ్యి తన చెంపకి ఆనించుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నిన్నటి ఏడుపులా లేదు. వంటింట్లోంచి లువా గొంతు వినిపించింది. "అత్తయ్యా, చేప పిల్లికి వెయ్యలేదు. ఇప్పుడు చెబితే తిట్టరుగా?"

"తిడతాను. ఒక్కటే తెచ్చావేమని తిడతాను. పోయి ఇంకా తీసుకురా."

సంవత్సరీకం నాటికి ఆ ఇంటి వాకిలి పెళ్ళివారి వాకిలిలా తయారైంది. మియెన్ వీధివీధీ తిరిగి పెద్ద కుండలు అడిగి తెచ్చింది. ఇంత జావ తాగే దయ్యాలు ఊళ్ళో ఎక్కడున్నాయి వదినా అని సణుగుతూనే, గరిటె ఇంకొకరికి ఇవ్వకుండా తనే కలిపింది. లువా కూచుని గింజల్లో మొలకలు తీసింది. రెండు మూడు బద్దలయ్యాయి, తోవా చూసి కూడా ఊరుకుంది. గ్రూపువాళ్ళలో ఊళ్ళో ఉన్నవాళ్ళు అరటిపళ్ళు పట్టుకుని, సిగ్గుపడుతూ వచ్చారు. ఒక్కరంటే ఒక్కరు ఆ పేరు ఎత్తలేదు, అందరూ తాతగారు అనే అన్నారు. ఉయెన్ గదిలో కంప్యూటర్ తెరిచే ఉంది. బంగారురంగు గడ్డిలో, వెనక్కి తిరిగిపోయిన నౌకలు మళ్ళీ వచ్చి ఒకదాని పక్కన ఒకటి దిగి, దీపాలు వెలిగించుకుని నిలబడ్డాయి. వాటి మధ్య నుంచి వాన పైకి కురుస్తూనే ఉంది.

వాకిట్లో జావ గిన్నెలు బారుగా పెట్టారు. లోపల వోంగ్ పటం ముందు పళ్ళెం నిండింది. పొట్టముక్క, వేయించిన అత్తిపళ్ళ కూర, తామరగింజల తీపి, పొగలు కక్కే అన్నం. తోవా అగరుబత్తులు వెలిగించి ముందు మనవరాలి చేతికిచ్చింది. ఉయెన్ రెండు చేతులతో అందుకుంది. ఆ చేతుల్ని ఆవిడ తన చేతుల్లోకి తీసుకుంది.

త్వాయ్ పటం ముందు నిలబడి చేతులు జోడించాడు. వచ్చినవాళ్ళంతా వసారాలో, మెట్ల మీద, వాకిట్లో నిలబడి ఉన్నారు. ఏ రోజు, ఏ ఊరు, ఎవరి కొడుకో చెప్పుకుంటూ వచ్చాడు. పేరు దగ్గరికి వచ్చేసరికి అలవాటు ప్రకారం తల దించి, గొంతు తగ్గించి గొణగబోయాడు.

"గట్టిగా చెప్పరా," అంది తోవా. "మీ నాన్న వెనకెక్కడో నిలబడి ఉంటాడు. వినపడాలి."

త్వాయ్ తల్లి మొహం చూశాడు. తర్వాత తలెత్తి, గొంతు సవరించుకుని, వాకిలి దాటి వీధి చివరిదాకా వినపడేలా తండ్రిని పేరు పెట్టి అన్నానికి పిలిచాడు.